కెమెరా, ఫోన్, టీవీ, వేలిముద్ర: డేటా భద్రత మీద మన సరిహద్దు ఊళ్ళ వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, ఇటు ఆంధ్రాలో పాతపట్నం వైపు ఇళ్ళకీ షాపులకీ కెమెరాలు, వైఫై, కంప్యూటర్లు పెట్టే పని మాది. పనికెళ్ళిన ప్రతిచోటా ఇవే ప్రశ్నలు వస్తున్నాయి, నిచ్చెన మీద ఉండి సగం చెప్పి సగం వదిలేయాల్సి వస్తోంది, అందుకే అన్నీ ఒకచోట తెలుగులో రాసి పెడుతున్నా. మన వైపు ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, బ్యాంకు మెసేజ్ ఇంగ్లీషు, కస్టమర్ కేర్ హిందీ. భద్రత గురించి మనకి అర్థమయ్యే భాషలో చెప్పేవాళ్ళు తక్కువ, మోసం చేసేవాడు మాత్రం శుభ్రంగా తెలుగులోనే మాట్లాడతాడు.

నా ఫోన్లో ఏముందండీ దొంగిలించడానికి? లక్షలేం లేవు కదా

ఖాతాలో ఎంతుందో చూస్కుని ఎవడూ రాడు. మీ నంబరు, ఆధార్, పాన్, పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటో, ఈ నాలుగూ దొరికితే చాలు, మీ పేరు మీద సిమ్ తియ్యడానికి చూస్తారు, లోన్ యాప్‌లో అప్పు తియ్యడానికి చూస్తారు, లేదంటే ఇంకొకరి దగ్గర కొట్టేసిన డబ్బుని మీ ఖాతాలోంచి దాటిస్తారు. ఈ చివరిది చాలామందికి తెలీదు. కొంత డబ్బు ఇస్తాం, నీ ఖాతా, సిమ్ కొన్నాళ్ళు వాడుకోనివ్వు అని కుర్రాళ్ళని అడిగేవాళ్ళున్నారు, దీన్నే మ్యూల్ అకౌంట్ అంటారు, ఇచ్చినవాడు కూడా కేసులో ఇరుక్కుంటాడు, ఎక్కడో వేరే రాష్ట్రంలో కంప్లయింట్ పడితే ఇక్కడ మన ఖాతా ఫ్రీజ్ అయిపోతుంది. ఖాళీ ఖాతా వాళ్ళకి ఇంకా పనికొస్తుంది, ఓనరు రోజూ చూస్కోడు కాబట్టి.

నాకు దాచుకోవాల్సిందేం లేదు, ఎవడు చూస్తే నాకేంటి?

మీకు లేకపోవచ్చు, మీ ఫోన్లో ఉన్నది మీ ఒక్కరి సంగతే అయితే ఆ మాట ఒప్పుకుంటా. కాంటాక్టుల్లో నాలుగైదు వందల మంది నంబర్లుంటాయి, గ్యాలరీలో ఆడపిల్లల ఫొటోలు, అమ్మ మెడికల్ రిపోర్టులు, కోడలి పాన్ కార్డు ఉంటాయి. లోన్ యాప్‌లవాళ్ళు డబ్బు కట్టకపోతే ఆ కాంటాక్టులకే ఫోన్లు చేసి, ఫొటోలు మార్ఫ్ చేసి పంపి ఎంతమందిని చావుదాకా తీసుకెళ్ళారో పేపర్లలో చూశాం. అంటే మీరు ఒక యాప్‌కి అలో నొక్కితే మీ అక్కాచెల్లెళ్ళ తరఫున కూడా నొక్కినట్టే.

ఇంకొకటి, ఇది మన హక్కు కూడా. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీల బెంచి పుట్టస్వామి కేసులో ప్రైవసీ ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. దాచుకోవాల్సింది ఉందా లేదా అన్నది పక్కనపెట్టండి, ఎవరికి చూపించాలో నేను చెప్పాలి అన్నది అసలు విషయం.

కెమెరా పెట్టించుకున్నదే దొంగల భయంతో కదా, దానివల్ల ప్రమాదం ఎలా వస్తుంది?

దీని గురించి కాస్త వివరంగా చెప్తా, మేం రోజూ చేసే పని ఇదే కాబట్టి.

2025 ఫిబ్రవరిలో గుజరాత్ రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీ కెమెరా వీడియోలు బయటికొచ్చాయి. లోపల డాక్టరు ఆడవాళ్ళని పరీక్ష చేస్తున్న వీడియోలు, ఇంజెక్షన్లు ఇస్తున్నవి, యూట్యూబ్‌లో టీజర్ల లాగా పెట్టి టెలిగ్రామ్‌లో అమ్మారు. పోలీసులు అరెస్టులు చేశారు. ఆ ఆడవాళ్ళు చేసిన తప్పేంటి? కాన్పుకి వెళ్ళడం. వాళ్ళలో ఎవరికీ ఆ గదిలో కెమెరా ఇంటర్నెట్‌కి కనెక్ట్ అయ్యుందని తెలిసే అవకాశమే లేదు. అలాంటి గదిలో కెమెరా పెట్టడమే తప్పు, పెట్టింది చాలక దాన్ని నెట్‌కి వదిలేశారు. కెమెరా ఎవరి డబ్బుతో కొన్నా అందులో పడే మనుషులు వేరేవాళ్ళు అన్నది నేను ప్రతి షాపు ఓనరుకీ చెప్తా.

ఇప్పుడు మన దగ్గర జరిగేది చూడండి. దసరా ముందు ఒక బట్టల షాపులో కెమెరా సరిగ్గా రావట్లేదంటే వెళ్ళాం. క్యాష్ కౌంటర్ పక్కన గోడకి కాగితం అంటించుంది, దాని మీద స్కెచ్ పెన్నుతో అడ్మిన్, కింద పాస్‌వర్డ్. బిల్లు కట్టడానికి నిలబడిన ఎవరైనా చదవొచ్చు. అది చించేశాం, అక్కడితో అయిపోలేదు, యాప్ తెరిచి చూస్తే ఓనరుగారి ఫోన్లో ఉన్నది షేర్డ్ యూజర్ మాత్రమే, అసలు అకౌంట్ ఎప్పుడో ముందు పెట్టి వెళ్ళిన కుర్రాడి నంబరు మీదుంది, వాడిప్పుడు చెన్నైలో ఉన్నాడట. వాడు మంచోడే కావచ్చు, వాడి ఫోన్ పోతే? చెన్నైలో పోయిన ఒక ఫోన్లోంచి మన షాపు ట్రయల్ రూమ్ ముందు నిలబడ్డ ఆడపిల్లలు కనపడతారు. ఆ రోజు డివైస్‌ని ఆ అకౌంట్ నుంచి తీయించి, రీసెట్ కొట్టి, ఓనరమ్మ సొంత నంబరుతో మళ్ళీ కలిపేసరికి రాత్రి పది దాటింది.

కాబట్టి ఎవరిచేత పెట్టించుకున్నా సరే, కెమెరా యాప్‌లో అకౌంట్ మీ నంబరుతో మీ ఫోన్లోనే తెరవమనండి, పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మీరే కొట్టండి, పెట్టేవాణ్ణి అటు తిరగమనడానికి మొహమాటపడకండి. మేమైనా సరే.

చిన్న కిరాణా కొట్టు కెమెరాతో ఎవడికి పనుంటుంది?

కెమెరాలో కనపడే బొమ్మతో పని లేనివాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళకి కావాల్సింది ఆ డబ్బాలో ఉన్న కంప్యూటర్. కెమెరా వీడియో రికార్డయ్యే డబ్బా, అంటే డీవీఆర్ అన్నా, వైఫై రూటర్ అన్నా లోపల చిన్న కంప్యూటరే. 2016లో మిరాయ్ అని ఒక వైరస్ వచ్చింది, అది చేసింది చాలా సింపుల్, నెట్‌లో కనపడ్డ ప్రతి కెమెరా, డీవీఆర్, రూటర్ తలుపు తట్టి, కంపెనీ పెట్టిన పాస్‌వర్డులు ఓ అరవై రకాలు, అడ్మిన్ అడ్మిన్, రూట్ 12345 లాంటివి, వరసగా కొట్టి చూసింది. లక్షల డివైస్‌లు తెరుచుకున్నాయి. అలా తెరుచుకున్నవాటిని 2016 అక్టోబర్ 21న, వెబ్‌సైట్ల చిరునామాలు చూపించే డిన్ అనే కంపెనీ మీదకి వదిలితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్, రెడిట్ గంటల తరబడి సరిగ్గా తెరుచుకోలేదు. మిరాయ్ రాసింది పెద్ద గూఢచారి సంస్థేం కాదు, ముగ్గురు అమెరికా కుర్రాళ్ళు, 2017 డిసెంబర్లో వాళ్ళు నేరం ఒప్పుకున్నట్టు బయటికొచ్చింది. వాళ్ళు వాడుకున్న కెమెరాల ఓనర్లకి చాలామందికి తమ కెమెరా ఈ పని చేసిందని తెలియను కూడా తెలీదు.

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అందరికీ ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డ్ పెట్టి స్మార్ట్ సామాను అమ్మడం చట్టవిరుద్ధం. మన దేశంలో కూడా సీసీ కెమెరాలకి 2025 ఏప్రిల్ నుంచి భద్రతా పరీక్ష పాసవ్వాలన్న రూల్ వచ్చింది, సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ సంస్థని ఎస్‌టీక్యూసీ అంటారు. కొనేటప్పుడు ఆ సర్టిఫికెట్ ఉన్న మోడలా అని అడగండి. పాత స్టాకు చవకగా వస్తుందని సంతలో కొన్నట్టు కొనేయకండి, ఆ కంపెనీ రేపు అప్‌డేట్ ఇస్తుందో లేదో తెలీని డబ్బాని ఇంట్లో పెట్టుకుంటున్నారు.

మరి పాస్‌వర్డ్ ఏం పెట్టాలి? గుర్తుండదు కదా

పొడుగ్గా పెట్టండి, అంతే. పెద్దక్షరం చిన్నక్షరం గుర్తు అంకె అని ఎనిమిది అక్షరాల్లో ఇరికించేకంటే, ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాస్తే మీకు గుర్తుంటుంది, మిషన్‌కి కనిపెట్టడం కష్టం. చింతపండు, పాసింజరు, గొడుగు, మేస్త్రి, ఇలా ఏవో నాలుగు మీవి మీరు ఎంచుకోండి, ఇక్కడ రాసినవి వద్దు. పిల్లల పేరు, పుట్టిన సంవత్సరం, బండి నంబరు పెట్టకండి, ఇవన్నీ ఫేస్‌బుక్‌లో మీరే రాసుంటారు.

బ్యాంకుకి, ఈమెయిల్‌కి, కెమెరాకి మూడూ వేరేగా ఉండాలి. ఎందుకంటే ఏదో షాపింగ్ సైట్ నుంచి మీ పాస్‌వర్డ్ బయటికి పోతే దాన్ని పట్టుకుని మిగతా అన్ని చోట్లా కొట్టి చూస్తారు. మూడిట్లో ముఖ్యమైనది ఈమెయిల్, మిగతా అన్నిటి ఫర్గాట్ పాస్‌వర్డ్ అక్కడికే వస్తుంది. అన్నీ గుర్తుండకపోతే డైరీలో రాసి బీరువాలో పెట్టుకోండి, నేను తప్పనను, గుణుపూర్‌లో మీ బీరువా దాకా విదేశం నుంచి ఎవడూ రాలేడు. గోడకి అంటించడం మాత్రం వద్దు. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసుకోండి, లింక్డ్ డివైసెస్‌లో మీకు తెలీని కంప్యూటర్ ఉందేమో కూడా చూడండి.

క్లౌడ్‌లో పెడితే సేఫా, మెమరీ కార్డులోనా?

మెమరీ కార్డులో పెడితే దొంగ కెమెరా పీక్కుపోతే వీడియో కూడా వాడితోనే పోతుంది. క్లౌడ్‌లో, అంటే నెట్ ద్వారా కంపెనీ వాళ్ళ కంప్యూటర్లలో పెడితే వాళ్ళ మీద నమ్మకం పెట్టాలి. 2021 మార్చిలో అమెరికాలో వెర్కాడా అనే కెమెరా కంపెనీ పెద్ద అడ్మిన్ పాస్‌వర్డ్ ఒకటి నెట్‌లో బయటపడితే ఆసుపత్రులు, జైళ్ళు, స్కూళ్ళలో ఉన్న దాదాపు 1,50,000 కెమెరాలు బయటివాళ్ళు చూసేశారు. 2023లో అమెజాన్ వాళ్ళ రింగ్ కంపెనీ మీద అక్కడి ప్రభుత్వ సంస్థ కేసు పెట్టింది, కంపెనీలో పనిచేసేవాళ్ళే ఆడవాళ్ళ ఇళ్ళలో వీడియోలు చూశారని, 58 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నారు.

నా సలహా, షాపుకైతే డీవీఆర్‌ని కౌంటర్ దగ్గర కాకుండా లోపల తాళం ఉన్న చోట పెట్టండి. ఇంటికైతే గుమ్మం, వీధి వైపు మాత్రమే కెమెరా. పడగ్గదిలో, చంటిపిల్ల గదిలో నెట్‌కి కలిసే కెమెరా పెట్టమంటే మేం పెట్టట్లేదు, అడిగినా పెట్టం.

అప్‌డేట్ చేస్తే నెట్ అయిపోద్ది, ఫోన్ స్లో అయిపోద్ది అంటారు. ఎందుకు చెయ్యాలి?

సాఫ్ట్‌వేర్ మనుషులు రాసేది, అందులో కన్నాలుంటాయి, దొరికినప్పుడల్లా కంపెనీ పూడుస్తుంది. ఆ పూడ్చడమే అప్‌డేట్. కంపెనీ పూడ్చిన రోజునుంచి కన్నం ఎక్కడుందో లోకమంతా తెలిసిపోతుంది, కాబట్టి చెయ్యనివాడికి ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఇది అర్థం చేసుకుంటే సగం పని అయినట్టే.

దీనికి వానాక్రై అనే వైరస్‌ని మించిన ఉదాహరణ లేదు. మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న విండోస్‌లో ఒక కన్నానికి ప్యాచ్, అంటే దాన్ని పూడ్చే అప్‌డేట్ ఇచ్చింది. మే 12న అదే కన్నంలోంచి వానాక్రై వచ్చింది, ఫైళ్ళన్నీ తాళమేసి 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమని ఎర్ర స్క్రీన్ చూపించింది. రెండు నెలల టైం ఉంది, చెయ్యనివాళ్ళే దొరికారు. 150 దేశాల్లో రెండు లక్షలకి పైగా కంప్యూటర్లు, బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేల అపాయింట్‌మెంట్లు, ఆపరేషన్లు రద్దయ్యాయి, మన ఆంధ్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని ఆగిపోయాయి.

విండోస్ 7కి 2020 జనవరి 14తో, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్, అంటే ఈ అప్‌డేట్లు ఇవ్వడం అయిపోయింది. మన వైపు జిరాక్స్ షాపుల్లో ఇప్పటికీ విండోస్ 7 నడుస్తోంది, అదీ క్రాక్ కాపీ, ఊళ్ళో అందరి ఆధార్లూ డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో. ఇది నన్ను నిజంగా కలవరపెట్టే విషయం. ఫోన్లో అయితే సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకి వెళ్తే సెక్యూరిటీ ప్యాచ్ తేదీ కనపడుద్ది, అది ఏడాది దాటి పాతదైతే ఆ ఫోన్లో బ్యాంకు యాప్ పెట్టకండి. కొత్త ఫోన్ కొనేటప్పుడు కెమెరా మెగాపిక్సెల్ ఎంత అని అడిగినట్టే ఎన్నేళ్ళు అప్‌డేట్లిస్తారని అడగండి, కొన్ని మోడళ్ళకి ఏడేళ్ళు ఇస్తున్నారు, చవక ఫోన్లకి రెండు మూడేళ్ళే.

వాట్సాప్‌లో పెళ్ళి కార్డు వచ్చింది, నొక్కితే ఏదో ఇన్‌స్టాల్ అంటోంది

నొక్కకండి. పెళ్ళి కార్డు ఫొటోగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది, ఏపీకే అని చివర ఉంటే అది యాప్. ట్రాఫిక్ చలానా అని, కరెంటు బిల్లు అని, పీఎం కిసాన్ అని, ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ళకిచ్చే సుభద్ర డబ్బు పడింది చూస్కోండి అని, పేరు ఏదైనా పెడతారు. ఇన్‌స్టాల్ చేశాక ఎస్ఎంఎస్ పర్మిషన్ అడుగుద్ది, ఇచ్చారా, ఇక మీకొచ్చే ఓటీపీలు వాడికి కూడా పోతాయి, మీరు ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత మీ వాట్సాప్ నుంచి అదే కార్డు మీ చుట్టాలందరికీ పోయే అవకాశం ఉంది, మావయ్య పంపాడు కదా అని వాళ్ళు నొక్కుతారు. తెలిసినవాళ్ళ దగ్గర్నుంచి వచ్చినా సరే ఒక ఫోన్ కొట్టి అడగండి.

పొరపాటున నొక్కేసి ఉంటే ముందు డేటా, వైఫై ఆపెయ్యండి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చేసి ఖాతా బ్లాక్ చేయించండి, తర్వాత ఆ యాప్ తీసేసి ఫోన్ పూర్తిగా రీసెట్ చేయించండి.

బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర పెడతాం కదా, దాంతో డబ్బులు పోతాయా?

పోయాయి, చాలా చోట్ల పోయాయి. ఏఈపీఎస్ అంటే ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర, ఈ మూడుంటే డబ్బు వచ్చేస్తుంది, ఓటీపీ ఉండదు. కొండ మీద ఊళ్ళలో ఏటీఎం లేని చోట ముసలివాళ్ళకి ఇది ఎంత మేలు చేసిందో నాకు తెలుసు కాబట్టి వద్దని చెప్పను. ఒడిశాలో సుభద్ర డబ్బు ఏడాదికి 10,000, రెండు విడతల్లో పడుతోంది, చాలామంది ఆడవాళ్ళు అలా వేలిముద్రతోనే తీసుకుంటున్నారు. కానీ వేలిముద్ర అనేది గాజు గ్లాసు మీద కూడా వదిలేసి వచ్చే వస్తువు. 2018లో తెలంగాణ పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల షాపతను భూమి రిజిస్ట్రేషన్ డాక్యుమెంట్ల మీద ఉన్న వేలిముద్రలు ఆన్‌లైన్లోంచి దింపి, రబ్బరు ముద్రలు తయారు చేసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. తర్వాత అదే పద్ధతిలో చాలా రాష్ట్రాల్లో ఖాతాలు ఖాళీ చేశారు. తాళంచెవి పోతే తాళం మార్చుకుంటాం, వేలు పోతే ఏం మార్చుకుంటాం?

అందుకని ఆధార్ సంస్థ వాళ్ళ సొంత యాప్‌లోగానీ వెబ్‌సైట్‌లోగానీ బయోమెట్రిక్ లాక్ చేసుకోండి. లాక్‌లో ఉన్నంతసేపు మీ వేలిముద్రతో ఎవరూ ఏమీ చెయ్యలేరు, మీరు కూడా. రేషన్‌కి, పింఛన్‌కి వెళ్ళేముందు కాసేపు అన్‌లాక్ చేసుకుంటే సరిపోతుంది. ఇంట్లో చదువుకున్న పిల్ల ఉంటే నానమ్మకి తనే చేసిపెట్టొచ్చు, దానికి ఆధార్‌కి నానమ్మ నంబరు లింకై ఉండాలి.

వేలు పెట్టేచోట ఒకటి గమనించండి. ఎర్ర లైటు గాజు మీద వేలు పెట్టగానే రాలేదమ్మా మళ్ళీ పెట్టు, ఇంకోసారి, తుడిచి పెట్టు అంటుంటారు. ఒక్కోసారి నిజంగానే రాదు, పొలం పని చేసే చేతులకి గీతలు అరిగిపోయి ఉంటాయి. కానీ ప్రతిసారికీ స్లిప్పు అడగండి, ఫెయిల్ అయినా స్లిప్పు వస్తుంది. రెండుసార్లు వేలు పెట్టి ఒకసారి డబ్బు చేతికొచ్చిందంటే ఇంటికెళ్ళాక పాస్‌బుక్ ఎంట్రీ వేయించి చూస్కోండి.

ఆధార్ జిరాక్స్ అందరికీ ఇవ్వాల్సొస్తోంది, ఏం చెయ్యాలి?

లాడ్జిల్లాంటి చోట్ల మాస్క్డ్ ఆధార్ ఇవ్వండి, చివరి నాలుగు అంకెలే కనపడతాయి, ఆధార్ వెబ్‌సైట్‌లో ఫ్రీగా డౌన్‌లోడ్ అవుద్ది. జిరాక్స్ మీద ఎవరికి ఎందుకు ఇస్తున్నారో, తేదీ, పెన్నుతో అడ్డంగా రాయండి. షాపులో వాట్సాప్ చేసి ప్రింట్ తీయించుకుంటే మీ ముందే వాళ్ళ కంప్యూటర్లో డిలీట్ చేయమనండి, రీసైకిల్ బిన్‌లో కూడా.

టీవీ, బల్బు, కారు, ఇవి కూడా హ్యాక్ అవుతాయా?

నెట్‌కి కలిసేది ఏదైనా అవుద్ది. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు రోడ్డు మీద పోతున్న జీప్ చెరోకీని ఇంట్లో కూర్చుని నెట్ ద్వారా ఆపి చూపించారు, కంపెనీ 14 లక్షల బళ్ళు రీకాల్ చేసింది. 2017లో అమెరికాలో 4,65,000 పేస్‌మేకర్లకి, అంటే గుండెలో పెట్టే మిషన్‌కి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేయించుకోమని ప్రభుత్వం చెప్పింది, బయటినుంచి దాన్ని మార్చే అవకాశం ఉందని తేలడంతో. అదే ఏడాది జర్మనీ కైలా అనే మాట్లాడే బొమ్మని నిషేధించింది, పక్కన నిలబడి ఎవరైనా బ్లూటూత్‌తో పిల్లతో మాట్లాడొచ్చు, వినొచ్చు కాబట్టి.

అంటే ఇక్కడ డేటా అంటే ఫైళ్ళూ ఫొటోలే అనుకుంటే చాలదు, బ్రేకు, గుండె, పిల్ల మాట అన్నీ అందులోకి వచ్చేశాయి. మన ఇళ్ళలో చెయ్యగలిగింది, రూటర్లో గెస్ట్ వైఫై ఆన్ చేసి టీవీ, బల్బులు, కెమెరాలు దాని మీద పెట్టి, ఫోనూ ల్యాప్‌టాప్ వేరే దాని మీద పెట్టడం. పది నిముషాల పని. రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా అప్పుడే మార్చేస్కోండి.

మాకు ఇంటికంతా ఒకటే ఫోను, పిల్లలు అందులోనే ఆడతారు

మన వైపు చాలా ఇళ్ళలో ఇంతే. బ్యాంకుకి ఇచ్చిన సిమ్‌ని ఆ ఫోన్లోంచి తీసి పాత బటన్ ఫోన్లో వేసి ఇంట్లో పెట్టుకుంటే చాలా గొడవ తప్పుతుంది, ఓటీపీ అందులోకి వస్తుంది, ఆటల యాప్‌లకి అందదు. వలసెళ్ళిన కొడుకు పంపే డబ్బు ఈ ఖాతాలోకే వస్తుంటే ఇది మరీ అవసరం. ఆ ఫోన్లో యూపీఐ యాప్ వాడుతుంటే మాత్రం ఈ పద్ధతి కుదరదు, అప్పుడు యాప్‌కి వేరే లాక్ పెట్టండి, పిల్లలకి ఆ నంబరు చెప్పకండి. ఇంకా ఒకటి అందరికీ చెప్పండి, డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు, పిన్ కొట్టమన్నారంటే పోయేది మీ డబ్బే.

పోలీసు డ్రస్సులో వీడియో కాల్ వచ్చింది, అరెస్టు అంటున్నాడు

కట్ చెయ్యండి. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు.

నా షాపులో, క్లినిక్కులో కస్టమర్ల వివరాలుంటాయి. నా మీద బాధ్యత ఏంటి?

2023 ఆగస్టులో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, 2025 నవంబర్లో రూల్స్ వచ్చాయి, దశలవారీగా అమలవుతుంది. డేటా కాపాడ్డానికి తగిన జాగ్రత్త తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంది. మీలాంటి చిన్న షాపు మీద అంత వేస్తారని కాదు, కానీ అవసరం లేని వివరాలు అడగకూడదు, పని అయిపోయాక ఉంచుకోకూడదు అన్నది అందరికీ పనికొచ్చే పద్ధతి. చీర కొన్నావిడ పుట్టినరోజు మీకెందుకు చెప్పండి?

బ్యాకప్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకి తాళమేసి డబ్బడిగే వైరస్ దాడి జరిగితే దాదాపు రెండు వారాలు ఓపీ చీటీలు, రిపోర్టులు చేత్తో రాశారు. దేశంలో అంత పెద్ద ఆసుపత్రికే అలా అయ్యింది. మన ఊరి డయాగ్నస్టిక్ సెంటర్లో రిపోర్టులన్నీ ఒకే కంప్యూటర్లో ఉంటాయి, అది పోతే వైజాగ్ కేజీహెచ్‌కో బరంపురం మెడికల్ కాలేజీకో వెళ్ళిన పేషెంటుకి పాత రిపోర్ట్ ఉండదు. వారానికోసారి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, తీసేసి, ఇంటికి పట్టుకెళ్ళిపోండి. కంప్యూటర్‌కే గుచ్చి వదిలేస్తే రాన్సమ్‌వేర్ దాన్ని కూడా లాక్ చేస్తుంది.

మా అబ్బాయి బీటెక్ అయ్యి సాఫ్ట్‌వేర్‌లో చేరాడు, వాడికి దీంతో పనుందా?

అందరికంటే వాడికే ఎక్కువ. మనం ఇక్కడ ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా, యాప్ రాసినవాడు పాస్‌వర్డ్‌ని ఉన్నది ఉన్నట్టు డేటాబేస్‌లో పెడితే అంతా వృథా. 2009లో రాక్‌యూ అనే కంపెనీ సరిగ్గా అదే చేసింది, 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు చదవడానికి వీలుగా బయటికొచ్చాయి, ఆ లిస్టు ఇప్పటికీ హ్యాకర్లు వాడుతున్నారు. 2017లో జనం అప్పుల వివరాలు దాచే ఈక్విఫాక్స్ అనే అమెరికా కంపెనీ వాళ్ళు అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌కి ప్యాచ్ వచ్చినా వెయ్యలేదు, 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోయాయి. 2021 డిసెంబర్లో లాగ్‌ఫోర్‌జే అనే చిన్న లైబ్రరీలో, అంటే వేరేవాళ్ళు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్‌లో కన్నం బయటపడితే ప్రపంచంలో ఎన్నో కంపెనీలు ఆ లైబ్రరీ తమ దగ్గర ఎక్కడెక్కడ ఉందో వెతుక్కున్నాయి.

అబ్బాయికి చెప్పండి, పాస్‌వర్డ్‌ని హ్యాష్ చేసి, అంటే తిరిగి చదవడానికి వీల్లేని రూపంలోకి మార్చి పెట్టమని, పాస్‌వర్డుల్లాంటి రహస్య కీలు కోడ్‌లో రాసి, కోడ్ నలుగురితో పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో పెట్టొద్దని, వేరేవాళ్ళ లైబ్రరీ వాడితే దాని అప్‌డేట్లు కూడా తనదే బాధ్యత అని. డెడ్‌లైన్ ఉంది సార్, సెక్యూరిటీ తర్వాత చూద్దాం అని టీంలో అంటే కాదని చెప్పే ధైర్యం ఉండాలని. తను రాసే యాప్ చివరికి ఇక్కడ మన ఫోన్లలోకే వస్తుంది.

డబ్బు పోయింది. మేం ఉండేది ఒడిశాలో, ఖాతా ఆంధ్రాలో. ఎవరి దగ్గరికెళ్ళాలి?

ముందు 1930కి ఫోన్ చెయ్యండి, దేశమంతా అదే నంబరు, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పెట్టండి. ఇంట్లో వాళ్ళు తిడతారని రేపటిదాకా ఆగకండి. మోసగాడు డబ్బుని గంటల్లో ఐదారు ఖాతాలు తిప్పి ఏటీఎంలో తీసేస్తాడు, ఈలోపే చెప్తే మధ్యలో ఉన్న ఖాతాల్లో ఆపగలుగుతారు. ట్రాన్సాక్షన్ నంబరు, టైమ్, అవతలివాడి నంబరు దగ్గర పెట్టుకుని చెయ్యండి.

తర్వాత స్టేషన్. ఇది మా ఏరియా కాదు, పాతపట్నం వెళ్ళండి, కాదు పర్లాకిమిడి వెళ్ళండి అని తిప్పితే, కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173 పేరు చెప్పండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లో అయినా కంప్లయింట్ తీసుకోవాలి, జీరో ఎఫ్ఐఆర్ అంటారు, ఆన్‌లైన్లో కూడా ఇవ్వొచ్చు, ఇస్తే మూడు రోజుల్లోపు వెళ్ళి సంతకం పెట్టాలి.

బ్యాంకుకి కూడా రాతపూర్వకంగా ఇచ్చి అందినట్టు నంబరు తీసుకోండి. ఆర్‌బీఐ 2017 జూలై సర్క్యులర్ ప్రకారం మీ తప్పు, బ్యాంకు తప్పు రెండూ లేకుండా మధ్యలో ఎవరో చేసిన మోసమైతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పని రోజుల్లోపు చెప్తే మీకు నష్టం సున్నా. ఓటీపీ మీరే చెప్పి ఉంటే చెప్పేదాకా పోయినది మీదే, కంప్లయింట్ ఇచ్చాక పోయేది బ్యాంకుది. అందుకే టైమ్ రాసిన కాగితం ముఖ్యం.

ఫోనే పోతే?

సిమ్ బ్లాక్ చేయించి అదే నంబరు మళ్ళీ తీస్కోండి, బ్యాంకుకి చెప్పి యూపీఐ ఆపించండి. స్టేషన్లో కంప్లయింట్ ఇచ్చి, కేంద్ర ప్రభుత్వం సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ, అంటే ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు నంబరు కొడితే ఆ హ్యాండ్‌సెట్ దేశంలో ఏ నెట్‌వర్క్ మీదా పనిచెయ్యకుండా ఆపుతారు, ఒడిశా సిమ్ అయినా ఆంధ్రా సిమ్ అయినా తేడా లేదు. ఐఎంఈఐ ఫోన్ డబ్బా మీద ఉంటుంది, డబ్బా పారేసేవాళ్ళు ఇవాళే స్టార్ హ్యాష్ జీరో సిక్స్ హ్యాష్ కొట్టి, వచ్చిన పదిహేను అంకెలు రేషన్ కార్డు కవర్లో రాసి పెట్టుకోండి. అదే పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో కూడా కనపడుద్ది, మీవి కానివి ఉంటే అక్కడే రిపోర్ట్ కొట్టండి.